పట్టాల్సిన బండిని పట్టండి, మిగతా నంబర్లు చెరిపేయండి

తెలంగాణ రాష్ట్ర హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి నమస్కారాలతో,

జంక్షన్లలో, ఫ్లైఓవర్ల మీద, ఊరి పొలిమేరల్లో బండి నంబరు చదివే కెమెరాల గురించి ఈ లేఖ. మీ ఫైళ్లలో ఏఎన్‌పీఆర్ అని ఉండేవి ఇవే. వీటిని బిగించడం, వెనక సాఫ్ట్‌వేర్ నడపడం మాకు తెలిసిన పని. కెమెరాలు పీకేయమని అడగడం లేదు. దొంగబండి దొరకాలి, గుద్దేసి పారిపోయినవాడు దొరకాలి. మా విన్నపం ఒక్కటే. ఏ కేసులోనూ లేని, ఏ తప్పూ చేయని బండి ఎప్పుడు ఎక్కడ కనిపించిందన్న రికార్డు 72 గంటలు దాటి ఎక్కడా ఉండకూడదు. ఎందుకు ఉండకూడదో, అది ఎలా సాధ్యమో వివరంగా రాస్తున్నాం.

"సీసీ కెమెరా ఫుటేజీ నెల తిరిగేసరికి దానంతట అదే పోతుంది కదా" అని చాలామంది నమ్మకం. వీడియో సంగతి నిజమే. సెకనుకు 2 మెగాబిట్ల (ఎంబీపీఎస్) లెక్కన ఒక్క కెమెరా రోజుకు 21.6 జీబీ తింటుంది. వెయ్యి కెమెరాలంటే రోజుకు 21 టీబీ పైమాటే. డిస్కు నిండుతుంది, కొత్తది వచ్చి పాతదాని మీద పడుతుంది. 2013 నాటి ప్రజా భద్రత చట్టం కూడా జనం వచ్చిపోయే దుకాణాలు, ఆస్పత్రులు, హాళ్ల వాళ్లను 30 రోజుల ఫుటేజీయే ఉంచమంది. నంబరు రికార్డు అలాంటిది కాదు. నంబరు, తేదీ, సమయం, కెమెరా గుర్తు, లేను, బండి రకం, రంగు, అన్నీ కలిపినా 200 బైట్లు. రోజుకు 20,000 బండ్లు పోయే చోట కెమెరాకు 4 ఎంబీ. వెయ్యి కెమెరాలకు రోజుకు 4 జీబీ, ఏడాదికి ఒకటిన్నర టీబీ లోపే. అరచేతిలో పట్టే ఒక హార్డ్ డిస్కులో నగరం ఏడాది పొడవునా తిరిగిన తిరుగుళ్లన్నీ ఇమిడిపోతాయి. వీడియోను స్థలం కొరతే చెరిపేస్తుంది. నంబరు మాత్రం ఎవరో ఒకరు పనిగట్టుకుని చెరిపితే తప్ప పోదు. టెండరు పత్రాల్లో "కనీసం ఇన్నాళ్లు ఉంచాలి" అన్న మాట ఉంటుంది. "ఇన్నాళ్లకు తప్పక చెరపాలి" అన్న మాట కూడా ఉండాలి. ఈ రెండూ ఒకటి కావు.

ఆ 200 బైట్లు ఏం చెబుతాయో చూడండి. ఉప్పల్ నుంచి ఒక స్కూటీ 21 రోజులకోసారి పొద్దున్నే రెడ్‌హిల్స్ వైపు వస్తుంది, సాయంత్రానికి తిరిగి వెళ్తుంది. మధ్యలో ఇరవై రోజులూ అటు రాదు. ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి ఉన్నది అక్కడే. కీమో మందుల్లో చాలావాటిని ఇచ్చేది 21 రోజులకోసారే. ఆ ఇంట్లో జబ్బు సంగతి చుట్టాలకు కూడా చెప్పి ఉండకపోవచ్చు. స్క్రీన్ మీద నాలుగు వరసలు చూసిన ఆపరేటరుకు తెలిసిపోతుంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, ఫ్యామిలీ కోర్టు, మందు మాన్పించే కేంద్రం, పార్టీ ఆఫీసు, ధర్నా రోజున ఇందిరా పార్కు, వీటన్నిటికీ ఇదే వరస. సంబంధం కలుపుకోబోయే ఇంటివాళ్లు, విడాకుల కేసులో ఎదుటి పక్షం, అప్పు వసూలు చేసే ఏజెంటు, వీళ్లంతా ఆ వరసలకు డబ్బు పెట్టేవాళ్లే. ప్లేటు మీద పేరుండదు కదా అనడానికి లేదు. నంబరును పేరుగా మార్చే వాహన్ డేటాబేస్ ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్ సమాచారాన్ని గంపగుత్తగా కంపెనీలకు అమ్మే విధానాన్ని కేంద్రం 2019లో తెచ్చి, గోప్యతకు భంగమన్న విమర్శలతో 2020లో వెనక్కి తీసుకుంది. విధానం వెనక్కి వచ్చింది గానీ, అప్పటికే చేతులు మారిన సమాచారం వెనక్కి రాలేదు.

ఈ ప్రశ్నను దేశంలో అందరికంటే ముందు సూటిగా ఎత్తింది మన తెలుగు న్యాయమూర్తే. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు గారు 1962లో ఖరక్ సింగ్ కేసులో మెజారిటీతో విభేదించి వేరుగా తీర్పు రాశారు. ఉత్తరప్రదేశ్‌లో సాక్ష్యాలు లేక విడుదలైన మనిషి మీద పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, రాత్రిళ్లు తలుపు కొట్టడం, ఎక్కడికి పోతున్నాడో ఎప్పుడొస్తున్నాడో రాసుకోవడం మొదలుపెట్టారు. రాత్రి తలుపు కొట్టడం తప్పని మెజారిటీ ఒప్పుకుంది గానీ, రాకపోకలు రాసుకోవడంలో తప్పు లేదంది. సుబ్బారావు గారు దాన్ని ఒప్పుకోలేదు. ప్రతి కదలికనూ ఎవరో చూసి రాసుకుంటుంటే మనిషి ఒంటితో కదలగలడేమో గానీ స్వేచ్ఛగా కదలలేడన్నది ఆయన వాదన. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చినప్పుడు ఆ అసమ్మతి తీర్పే నిలబడింది. ఖరక్ సింగ్ వెంట తిరగడానికి ఒక కానిస్టేబుల్, ఒక నోటు పుస్తకం కావలసి వచ్చాయి. అంతమంది కానిస్టేబుళ్లు లేకపోవడమే మిగతా జనానికి రక్షణ. కెమెరా వచ్చాక ఆ రక్షణ పోయింది. ఇప్పుడు హిస్టరీ షీటు లేనివాడి రాకపోకలూ నమోదవుతున్నాయి.

పుట్టస్వామి తీర్పు అడిగేవి స్పష్టమైనవి. చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతే చొరబాటు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 136ఏ సెక్షన్, దాని కింద 2021లో చేర్చిన 167ఏ నియమం చలానా కెమెరాలకు ఆధారం. పరికరానికి ఏటా ఆమోద ధ్రువపత్రం కావాలని, కెమెరా ఉన్న దారిలో ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలని, చలానా రికార్డును అది పరిష్కారమయ్యేదాకా ఉంచాలని ఆ నియమం చెప్పింది. తప్పు చేయని బండి రికార్డు గురించి అందులో మాటే లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ నేర నివారణ, దర్యాప్తు కోసం వాడే సమాచారానికి చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చింది. డేటాకు తగిన భద్రత కల్పించాలన్న బాధ్యత మాత్రం మిగిల్చింది. ఫోన్ వినాలంటే హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. అది 60 రోజులే చెల్లుతుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు, పైన సమీక్షా కమిటీ ఉంటుంది. మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చూడటానికి వీటిలో ఒక్క మెట్టూ లేదు. ఇన్ని తాళాలున్న ఫోన్ ట్యాపింగ్ విషయంలోనే 2024 మార్చిలో పంజగుట్ట స్టేషన్‌లో కేసు నమోదు చేయాల్సి వచ్చింది. హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. తాళమే లేని గది గురించి మా భయం అతిశయం కాదని ఒప్పుకుంటారనుకుంటాం.

ఇక కెమెరా చదువు ఎంత నమ్మదగ్గది? మన నంబరుకు మామూలుగా 10 అక్షరాలు. ఒక్కో అక్షరాన్ని నూటికి 99.5 సార్లు సరిగ్గా చదివినా, పదీ కలిపి సరిగ్గా వచ్చేది నూటికి 95 సార్లే. 20,000 బండ్లు పోయే లేనులో రోజుకు వెయ్యి తప్పులు. వీటిలో కొన్నిటిని సాఫ్ట్‌వేర్ సరిచేసుకుంటుంది. మొదటి రెండూ అక్షరాలే, తర్వాతి రెండూ అంకెలే అన్న వరస దానికి తెలుసు. సిరీస్‌లో ఐ, ఓ అక్షరాలు వాడరనీ తెలుసు. అందుకే సున్నాకు ఓ పడ్డా సర్దుకుంటుంది. 3ను 8గా, 1ని 7గా చదివితే మాత్రం ఏ వరసా పట్టదు. అంకె స్థానంలో అంకే ఉంది. పైగా ఆ తప్పు నంబరు నిజంగా ఇంకెవరిదో అయి ఉంటుంది.

ఎందుకు తప్పుతుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బైకు వెనక ప్లేటు మీద అంకె ఎత్తు 40 మిల్లీమీటర్లు, గీత మందం 7 మిల్లీమీటర్లు. కెమెరా షట్టర్ సెకనులో వెయ్యో వంతు తెరుచుకున్నా, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు ఆలోగా 17 మిల్లీమీటర్లు కదులుతుంది. కెమెరా పై నుంచి 25 డిగ్రీల వాలులో చూస్తుంటే, ఆ కదలిక ఫొటోలో సుమారు 7 మిల్లీమీటర్ల నిలువు మసకగా పడుతుంది. సరిగ్గా గీత మందమంత. 3కీ 8కీ తేడా చూపే ఖాళీ ఆ మసకలో పూడిపోతుంది. షట్టర్ ఇంకా వేగంగా పెడితే వెలుతురు చాలదు. దానికి ఇన్‌ఫ్రారెడ్ దీపం బలంగా ఉండాలి, అద్దం మీద దుమ్ము ఉండకూడదు. వానాకాలం బురద, వంగిన ప్లేటు, సొగసు కోసం రాయించుకున్న అంకెలు, ఒకే రోడ్డు మీద ఏపీ, టీఎస్, టీజీ ప్లేట్లు, ఇవన్నీ దీనికి తోడు. చలానా విషయంలో ఈ తప్పు బయటపడుతుంది, ఎందుకంటే బండాయన ఫొటో చూసి గొడవ చేస్తాడు. దాచిపెట్టిన రికార్డులో తప్పు ఎవరికీ కనబడదు. ఆ మనిషి ఎన్నడూ వెళ్లని చోట ఉన్నట్టు అది ఏళ్ల తరబడి సాక్ష్యం చెబుతూ ఉంటుంది.

వెతకాల్సిన బండ్ల జాబితాలోనూ ఇలాంటి చిక్కే ఉంది. పోయిన బైకు దొరుకుతుంది, కోర్టు నుంచి యజమాని విడిపించుకుంటాడు, జాబితాలో నంబరు మాత్రం అలాగే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత తన బండి మీద తనే పోతూ చెక్‌పోస్టు దగ్గర దొంగలా దిగాల్సి వస్తుంది. జాబితాలో ప్రతి నంబరుకూ ఎఫ్‌ఐఆర్ నంబరు, చేర్చిన అధికారి పేరు, గడువు తేదీ ఉండాలి. 30 రోజులకు ఎవరూ పొడిగించకపోతే దానంతట అదే రాలిపోవాలి. ఫారం 29, 30 పెట్టకుండా చేతులు మారిన బండ్లు, వేరేవాళ్ల నంబరు అతికించుకుని తిరిగే బండ్లు కూడా ఉన్నాయి కాబట్టి, అలారం మోగగానే ఆపకూడదు. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవారు ఫొటోలో అంకెలను కళ్లతో చదివి, బండి మోడల్, రంగు వాహన్ వివరాలతో సరిపోయాకే వైర్‌లెస్‌లో చెప్పాలి. దీనికి పట్టేది పదిహేను సెకన్లు.

ఇప్పుడు చెరపడం ఎలాగో చెబుతాం. నంబరును చదివే పని పోలీసు కంట్రోల్ సెంటర్లో జరగనక్కర్లేదు. స్తంభం దగ్గరి ఇనుప పెట్టెలో ఎల్‌పీయూ అనే చిన్న కంప్యూటర్ ఉంటుంది, చదవడం, పోల్చడం రెండూ అక్కడే అవుతాయి. లక్ష బండ్ల జాబితా అనుకున్నా, నంబరుకు 10 అక్షరాల చొప్పున ఒక ఎంబీయే. ఐదు నిమిషాలకోసారి దాన్ని ప్రతి పెట్టెకూ పంపడం ఏ నెట్‌వర్క్‌కూ భారం కాదు. జాబితాతో సరిపోలిన నంబరు, సిగ్నల్ దాటిన నంబరు, వేగం మించిన నంబరు, ఇవి మాత్రమే ఫొటోతో సహా సెంటర్‌కు వెళ్లాలి. మిగతావి పెట్టె దాటి బయటికి రాకూడదు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2018 డిసెంబరులో, సరిపోలని నంబరును చదివి వెంటనే చెరిపినా అది పౌరుడి హక్కులో జోక్యమేనని చెప్పింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర చట్టం సరిపోలని నంబరును మూడు నిమిషాల్లో చెరపమంటుంది. అదే దేశంలో వర్జీనియా 2025 నుంచి 21 రోజుల గడువు పెట్టింది. బ్రిటన్ పోలీసులు ఏడాది ఉంచుకుంటారు. ఆ ఏడాది మాకు సమ్మతం కాదు.

మూడు నిమిషాలు కాక 72 గంటలు ఎందుకంటున్నామంటే, మీ అధికారుల వాదనలో ఒకదానికి బలముంది. పిల్లను ఎత్తుకెళ్లిన కారు నిన్న ఏ జాబితాలోనూ లేదు, ఫిర్యాదు ఇవాళ వచ్చింది, నిన్నటి నంబర్లు చూడాలి. నిజమే. అందుకని సరిపోలని నంబర్లు పెట్టెలోనే, ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం ఉంటేనే చదవగల కోడ్‌గా మారి, 72 గంటలు ఉండి తర్వాత వాటంతట అవే పోవాలి. వాటిని తెరిచే తాళం దర్యాప్తు అధికారి దగ్గర ఉండకూడదు. ఎఫ్‌ఐఆర్ నంబరో, అత్యవసర ఫోన్ కాల్ నంబరో చూపి, ఏ కెమెరాలు, ఏ గంట నుంచి ఏ గంట దాకా అని రాసి, డీసీపీ స్థాయి అధికారి ఒప్పుకున్నాకే తెరవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫోన్‌లో అనుమతి చాలు, 24 గంటల్లో రాతపూర్వకంగా రావాలి. అలా తీసిన ముక్క మాత్రం కేసు ముగిసేదాకా ఉంటుంది. నాలుగో రోజున వచ్చే ఫిర్యాదుకు నంబరు దొరకని సందర్భం ఏదో ఒకటి వస్తుంది. అది తెలిసే ఈ గడువు అడుగుతున్నాం. ఆ ఒక్క కేసు కోసం కోటిమంది రాకపోకలను ఏళ్ల తరబడి మూటగట్టడం సరితూగదు.

"నంబరును హ్యాష్ చేసి దాస్తున్నాం, అసలు నంబరు ఎవరికీ తెలియదు" అని ఈ వ్యవస్థలు అమ్మే వెండర్లు చెబితే నమ్మకండి. హ్యాష్ అంటే నంబరును వెనక్కి విప్పలేని కోడ్‌గా మార్చడం. పాస్‌వర్డుకు పనికొచ్చే ఆ ఉపాయం నంబరు ప్లేటుకు పనికిరాదు. టీజీ తర్వాత రెండంకెల కోడ్ 99 రకాలు, ఐ, ఓ మినహా ఒకటి రెండు అక్షరాల సిరీస్ 600 రకాలు, చివర 9,999 అంకెలు. మొత్తం గుణిస్తే 59 కోట్లు. ఇన్నింటికీ ముందే హ్యాష్ కట్టి పోల్చుకోవడం మామూలు కంప్యూటర్‌కు నిమిషాల పని.

ఎవరు ఏ నంబరు వెతికారన్న లాగ్ అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని సెడ్జ్‌విక్ అనే చిన్న ఊళ్లో పోలీసు చీఫ్ తన మాజీ ప్రియురాలి బండిని ఇలాంటి కెమెరాల్లో 164 సార్లు వెతికాడు. ఆ అంకె బయటికి వచ్చిందంటే లాగ్ ఉండబట్టే. మన దగ్గరా ప్రతి వెతుకులాటకూ అధికారి సొంత లాగిన్, కేసు నంబరు, సమయం నమోదు కావాలి. ఒకసారి రాస్తే దిద్దలేని స్టోరేజీలో పడాలి, ఇంకో ప్రతి పోలీసు శాఖ బయట ఉండాలి. స్టేషన్ అంతా ఒకే పాస్‌వర్డు వాడే అలవాటు ఉంటే ఈ లాగ్‌కు విలువే లేదు. సాఫ్ట్‌వేర్‌లో "ఈ బండితో కలిసి తిరిగే బండ్లు", "ఈ గంటలో ఈ ప్రాంతంలో ఉన్న బండ్లన్నీ" అని చూపే మీటలు ఉంటాయి. మొదటిది స్నేహాలను, రెండోది ధర్నాకు వచ్చినవాళ్లను పట్టిస్తుంది. నిర్దిష్టమైన నేరం కేసులో తప్ప ఆ రెండు మీటలూ మూసి ఉంచాలి.

డేటా బయటికి పొక్కే దారులు కూడా మీకు తెలియనివి కావు. 2020 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో 86 లక్షల నంబరు రికార్డులు పాస్‌వర్డు కూడా లేకుండా ఇంటర్‌నెట్‌లో తెరిచి కనిపించాయి. 2024లో మన పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం లీకైన కేసులో మీ శాఖే ఒక విద్యార్థిని అరెస్టు చేసింది. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. ఆ పరీక్ష కెమెరాకే, వెనకున్న డేటాబేస్‌కు కాదు. అసలు బలహీనత మెయింటెనెన్స్ కాంట్రాక్టులో ఉంటుంది. వెండర్ ఇంజినీరు ఇంట్లో కూర్చుని రిమోట్‌గా సర్వర్‌లోకి దిగే దారి తెరిచే ఉంటుంది, అతను ఉద్యోగం మారినా ఆ లాగిన్ బతికే ఉంటుంది. కాంట్రాక్టులో ఈ మాటలు రాయండి: డేటా వెండర్‌ది కాదు, తన సాఫ్ట్‌వేర్‌కు నేర్పించడానికి వాడుకోకూడదు, రిమోట్ లాగిన్ అడిగినప్పుడే తెరుచుకుని రెండు గంటల్లో మూసుకోవాలి, కాంట్రాక్టు ముగిసిన రోజున చెరిపినట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. "నేను సైతం" పథకం కింద కాలనీలు పెట్టుకున్న కెమెరాలకు, గేటెడ్ కమ్యూనిటీల గేట్ల దగ్గరి నంబరు కెమెరాలకు ఇదే గడువు వర్తింపజేయండి. లేకపోతే సెంటర్లో చెరిపినది కాలనీ ఆఫీసులో దొరుకుతుంది.

చలానా ఫొటో గురించి చిన్న మాట. 2023లో కేరళలో హెల్మెట్ లేదని తీసిన ఫొటో, బండి భార్య పేరున ఉండటంతో ఆమె ఫోన్‌కు వెళ్లింది. వెనక కూర్చున్నది ఇంకొకామె. ఇంట్లో గొడవై, భార్యను కొట్టాడన్న ఫిర్యాదు మీద భర్త అరెస్టయ్యాడు. చలానాకు కావలసింది తప్పు, నంబరు, చోటు. తప్పుతో సంబంధం లేని ముఖాలను మసక చేయడం సాఫ్ట్‌వేర్‌కు క్షణం పని. బండి నంబరు అనేది గోడ మీద రాసినంత బహిరంగం కాబట్టి, అది ఒక్కటి కొడితే చలానా ఫొటో, చోటు, సమయం ఎవరికీ కనబడకూడదు. రిజిస్టరైన ఫోన్‌కు ఓటీపీ వెళ్లాకే చూపించండి.

వీటికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 72 గంటల గడువు, డీసీపీ అనుమతి, లాగ్, ఈ మూడింటినీ ఒక జీవోలో పెట్టొచ్చు. ఏ జంక్షన్లలో నంబరు కెమెరాలున్నాయో జాబితా, నెలకు ఎన్ని వెతుకులాటలు జరిగాయో, ఎన్ని అలారాలు తప్పని తేలాయో అంకెలు పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. ఇప్పటికే పోగుపడిన పాత రికార్డుల్లో కేసులకు చెందినవి వేరు చేసి, మిగతావి స్వతంత్ర ఆడిటర్ ఎదుట చెరపమని కోరుతున్నాం.

ఇదంతా కాగితం మీద మాటగా అనిపిస్తే, మీరు ఎంచుకున్న ఒక్క జంక్షన్‌ను నెల రోజులు ఇలా నడిపి చూడండి. పట్టుబడిన బండ్ల లెక్కను అంతకుముందు నెల లెక్కతో పోల్చండి. పెట్టె తెరిచి, ఏ సెట్టింగు ఎక్కడ మార్చాలో మీ సిబ్బందికి చూపించడానికి మేం వస్తాం. దీనికి రుసుమేమీ అడగం.

ఇట్లు,
కెమెరా, ట్రాఫిక్ వ్యవస్థల పనిలో ఉన్న కొందరు ఇంజినీర్లు,
హైదరాబాద్